వరి ఏజీఓ18 చెట్టులో ఒకచోట నిలవడం లేదు, అవుట్‌గ్రూప్ మార్చాలా?

హన్మకొండలో ఎమ్మెస్సీ బాటనీ ప్రాజెక్టు చేస్తున్నాను. జన్యువుల నోరు మూయించే ఆర్గొనాట్ (ఏజీఓ) ప్రోటీన్లు మొక్కల్లో ఎలా విడిపోయాయో చూపే వంశవృక్షం గీయాలి. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కవి 10, వరివి 19, అవుట్‌గ్రూప్‌గా (చెట్టుకు వేరు ఎక్కడో చూపే దూరపు బంధువుగా) క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలానివి 3 తీసుకున్నాను.

మాఫ్ట్ ప్రోగ్రామ్‌తో సీక్వెన్సులు ఎలైన్ చేసి, చెట్టు గీసే ఐక్యూ-ట్రీలో మోడల్ ఎంపిక దానికే వదిలేసి, 1000 అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్‌లు (ఒక్కో కొమ్మను ఎంత నమ్మొచ్చో నూటికి ఇంత అని చెప్పే పరీక్ష) పెట్టాను. ఏజీఓ 4/6/8/9 గుంపు, 2/3/7 గుంపు చక్కగా వచ్చాయి. చిక్కంతా వరి ఏజీఓ18తోనే. ఒక రన్‌లో 1/5/10 గుంపు లోపల ఉంటుంది, ఇంకో రన్‌లో బయట. బూట్‌స్ట్రాప్ 61 దాటదు. 95 లేనిదే నమ్మలేం కదా.

ప్రోటీన్ మొదటి కొస (ఎన్-టెర్మినల్) కత్తిరించి పాజ్, పివి అనే భాగాలే (డొమైన్లే) ఉంచితే 68 అయింది. సూడోజీన్ (పని చేయని జన్యువు) అంటారని అరబిడాప్సిస్ ఏజీఓ8 తీసేశాను, తేడా లేదు. సీడ్ నంబరు (రన్ ఎక్కడినుంచి మొదలవ్వాలో చెప్పే యాదృచ్ఛిక అంకె) మార్చి నాలుగుసార్లు నడిపాను (పాత ల్యాప్‌టాప్, ఒక్కో రన్‌కి రాత్రంతా). క్లామిడోమోనాస్‌ని తీసేస్తే మాత్రం 93కి ఎగబాకింది. కానీ అప్పుడు చెట్టుకు వేరు అంటూ లేదు!

శైవలం కొమ్మ మరీ పొడవుగా ఉంది, అదే ఏజీఓ18ని లాగుతోందని నా అనుమానం. క్లామిడోమోనాస్ బదులు అవుట్‌గ్రూప్‌గా ఏ జీవి ఆర్గొనాట్ పెడితే బాగుంటుంది?