రెండు మూడు కిలోమీటర్లకు కూడా కారు తీయడం ఎందుకు?

ప్రశ్న:
చాలా రోజులుగా అడగాలనుకుంటున్నా. బస్టాపు దగ్గరే ఉంటుంది, వెళ్లాల్సిన చోటు రెండు మూడు కిలోమీటర్లు దాటదు, అయినా కారు తాళాలు తీసుకునేవాళ్లే ఎక్కువ. బద్ధకం అని తేల్చేయడం నాకు ఇష్టం లేదు, అసలు కారణం ఏంటో చెప్పండి.

జవాబు 1:
ప్రయాణం కాదండీ, ఎదురుచూపే సమస్య. మూడు కిలోమీటర్లంటే బస్సులో పది నిమిషాలు. కానీ స్టాపు దాకా నడవాలి, పావుగంటకో బస్సు అయితే సగటున ఏడెనిమిది నిమిషాలు నిలబడాలి, దిగాక మళ్లీ నడక. ఇరవై కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు అదో లెక్క కాదు, దగ్గరికి వెళ్లేవాళ్లకు మాత్రం ప్రయాణం కంటే దానికే ఎక్కువ టైమ్ పోతుంది. పైగా ఊరికే నిలబడ్డ నిమిషం బస్సులో కూర్చున్న నిమిషం కంటే పొడుగు. రవాణా ప్లానింగ్ చేసేవాళ్లు కూడా వెయిటింగ్‌ను మామూలుగా దాదాపు రెట్టింపు చేసి లెక్కేస్తారు. బస్సు ఎప్పుడొస్తుందో కూడా తెలియకపోతే ఇక చెప్పక్కర్లేదు.

జవాబు 2:
డబ్బు సంగతీ ఉంది. ఈఎంఐ, ఇన్సూరెన్స్ బండి తీసినా తీయకపోయినా కట్టాల్సిందే కాబట్టి బయలుదేరేటప్పుడు గుర్తొచ్చేది పెట్రోలు ఒక్కటే, ఆ కాస్త దూరానికి ఎంతవుతుందిలే అనిపిస్తుంది. టికెట్టుకు మాత్రం ప్రతిసారీ డబ్బు తీయాలి, నలుగురుంటే నాలుగు టికెట్లు. నిజానికి కారుకు చేటు చేసేవి ఈ చిన్న ట్రిప్పులే. చల్లగా ఉన్న ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితే గానీ సరిగ్గా పనిచేయదు, ఆలోపే మనం దిగిపోతాం.

జవాబు 3:
టికెట్ ఎత్తేస్తే సరిపోతుందనుకునేవాళ్లు లక్సెంబర్గ్‌ను చూడండి. 2020 నుంచి దేశమంతటా బస్సులు, ట్రామ్‌లు ఉచితం, రైళ్లలో ఫస్ట్ క్లాస్‌కే డబ్బు, అయినా అక్కడ ఇంకా కార్లదే పైచేయి. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో 2013లో స్థానికులకు ఉచితం చేస్తే, కార్లు వదిలినవాళ్ల సంగతి అలా ఉంచండి, అంతకుముందు హాయిగా నడిచి వెళ్లేవాళ్లు చాలామంది బస్సెక్కారు. ఉచితం వద్దని నేననను, లేనివాళ్లకు అది పెద్ద ఊరట. కానీ కారున్న మనిషి దిగిరావాలంటే టైమ్ చూసుకోకుండా వెళ్లినా ఐదారు నిమిషాల్లో బస్సు దొరకాలి, సాయంత్రం ఆలస్యమైనా దొరకాలి. ముందు అక్కడ డబ్బు పెట్టాలి.

జవాబు 4:
అందరూ ఒంటరిగా, ఖాళీ చేతులతో వెళ్లేవాళ్లలా మాట్లాడుతున్నారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బస్సు మొదటి మెట్టే ఎత్తు, కడ్డీ పట్టుకుని రెండో కాలు పైకి లాక్కునేసరికే వెనకవాళ్లు తోస్తుంటారు, ఆమె సీటు చేరకముందే బండి కదులుతుంది. స్టాపులో కూర్చోవడానికి బల్ల కూడా ఉండదు. దూరం తక్కువే, కాదనను, కానీ ఆమెకు కష్టమంతా ఎక్కడం దిగడంలోనే ఉంది, అది ఒక స్టాపుకైనా ఇరవై స్టాపులకైనా అంతే. నేలకు దగ్గరగా ఉండే బస్సులు వేయండి, పెద్దవాళ్లు కూర్చునేదాకా ఆగమని డ్రైవర్లకు చెప్పండి, ఆ తర్వాత మా ఇంట్లో కారు ఎందుకు తీశారని అడగండి.