బాబుని ఆయమ్మ దగ్గర వదలాలి... వైజాగ్‌లో మీరంతా ఎలా నమ్మారు?

నిద్రలేని అమ్మ (ఎంవీపీ కాలనీ):
అందరికీ నమస్తే. నా గోల కొంచెం పెద్దది, ఓపికుంటే చదవండి. మా బాబుకి ఏడు నెలలు నిండాయి. ద్వారకానగర్‌లో ఒక బ్యాంకులో పని నాది, 26 వారాల లీవు అయిపోయింది, మీద ఇంకో నెల జీతం లేకుండా లాగాను, ఇక కుదరదన్నారు. వచ్చే సోమవారం జాయిన్ అవ్వాలి. మా అత్తగారు పాలకొండ నుంచి వచ్చి నాలుగు నెలలు చూశారు పాపం, మోకాళ్ళు పట్టేసి మూడో అంతస్తు మెట్లెక్కలేక వెళ్ళిపోయారు (లిఫ్టు ఉంది, వారంలో నాలుగు రోజులు పనిచెయ్యదు, దాని గురించి ఇంకో చర్చ పెట్టాలి). మా అమ్మ లేదు. మా ఆయనకి పరవాడ ఫార్మాలో షిఫ్టులు.

పెదవాల్తేరులో ఒకావిడ ఉంది, యాభైకి దగ్గర్లో ఉంటుంది, తన ఇంట్లోనే ఇద్దరు పిల్లల్ని చూస్తోంది, మావాడు మూడో వాడు అవుతాడు. నెలకి 7 వేలు, పాలూ ఉగ్గూ డైపర్లూ మనవే. మా ఫ్లోర్‌లో ఒకళ్ళ పాప అక్కడే పెరిగింది, చాలా మంచి మనిషన్నారు. నేను రెండుసార్లు వెళ్ళి చూశా, ఇల్లు చిన్నదే గానీ శుభ్రంగానే ఉంది, మనిషి మాత్రం ఎక్కువ మాట్లాడదు. ఏం అడగాలో తెలీక "బాబుని బాగా చూసుకుంటారా" అని అడిగా, "సూత్తానమ్మా" అంది. అంతే మా ఇంటర్వ్యూ. అప్పట్నుంచీ నిద్ర లేదు. మీరెలా నమ్మారు, అసలు నమ్మారా, లేక నమ్మినట్టు ఉండిపోయారా?

రుషికొండ కోడర్ (మధురవాడ):
నేను నమ్మలేదండీ, కెమెరా పెట్టా. మాది ఇంటికే వచ్చే ఆయా, పొద్దున్న తొమ్మిది నుంచి ఆరు వరకు, 11 వేలు. హాల్లో ఒకటి, బెడ్‌రూమ్‌లో ఒకటి బిగించి మొదటి నెలంతా ఆఫీసులో రెండో స్క్రీన్ మీద మా పాపనే పెట్టుకుని కూర్చున్నా, పని జరగలేదు, మేనేజర్ దగ్గర చీవాట్లు కూడా అయ్యాయి. నాకు ఒకటే అనుమానం, ఆవిడ రోజూ ఒంటిగంటకి కెమెరాకి వీపు పెట్టి ఓ మూల కూర్చుంటుంది, పావుగంట కదలదు. ఏం చేస్తోంది, ఫోనా, పాప పాలు తాగేస్తోందా, ఏవేవో ఆలోచనలు. నెల తర్వాత ఉండబట్టలేక అడిగేశా. "అన్నం తింటన్నానమ్మా, మీరందరూ సూత్తా ఉంటే ముద్ద దిగదు" అంది. సిగ్గుతో చచ్చిపోయా. ఆ రోజే బెడ్‌రూమ్ కెమెరా తీసేశా, హాల్లోది ఉంచా, ఉందని ఆవిడకి తెలుసు. మీరు ఏది పెట్టినా చెప్పి పెట్టండి.

కానీ మీ కేసులో పిల్లాడు వాళ్ళింట్లో ఉంటాడు కాబట్టి కెమెరా అనే మాటే లేదు కదా.

కూర్మన్నపాలెం నాన్న:
ఆయా ఇంట్లో దింపేవాళ్ళు ఆయాని ఒక్కదాన్నే చూసి వచ్చెయ్యకూడదు, ఆ ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉంటారు, ఎవరెవరు వస్తూ పోతూ ఉంటారు అనేది చూడాలి. మా పెద్దోడప్పుడు గాజువాకలో ఒకావిడ దగ్గర పెట్టాం, బంగారం లాంటి మనిషి, వాడికి అన్నం తినడం నేర్పింది ఆవిడే. ఆవిడ భర్త లారీ మీద పోయేవాడు, నెలకి పది రోజులు ఇంట్లో ఉంటాడు. ఆ పది రోజుల సంగతి మాకు తెలీదు. ఓసారి నాకు మధ్యాహ్నం మూడింటికే డ్యూటీ అయిపోతే చెప్పకుండా వెళ్ళా, ఆయన తాగేసి మంచం మీద, నలుగురు పిల్లలు ఆ గదిలోనే, ఆవిడ బియ్యం కోసం రేషన్ దగ్గర క్యూలో ఉంది. ఏమీ జరగలేదు, దేవుడి దయ. మర్నాటి నుంచి పంపలేదు, ఆవిడ ఏడ్చింది, మాకూ బాధే, ఇప్పటికీ కనపడితే వాడి గురించి అడుగుతుంది.

అందుకని మొదటి రెండు వారాలు రోజూ ఒకే టైముకి వెళ్ళకండి. ఓ రోజు పదకొండింటికి, ఓ రోజు రెండింటికి, బాటిల్ మర్చిపోయా అనో ఏదో అనుకుంటూ వెళ్ళండి. వద్దు రావద్దు నిద్రలో ఉన్నాడు అని గుమ్మంలో ఆపే మనిషైతే అక్కడే ఆలోచించుకోండి. ఆధార్ కాపీ తీసుకోవడం, స్టేషన్‌లో వెరిఫికేషన్‌కి ఇవ్వడం అవీ చెయ్యండి గానీ కాగితంలో ఇలాంటివి కనపడవు.

పాతకాలం మనిషి:
ఏడు నెలల పసివాడిని వదిలి 7 వేలిచ్చి పరాయి చేతిలో పెట్టేకంటే రెండేళ్ళు ఉద్యోగం మానేస్తే ఏం పోయింది. పిల్లాడి కన్నా ఎక్కువా.

నిద్రలేని అమ్మ:
హోమ్ లోన్ ఈఎంఐ మీరు కడతానంటే రేపే మానేస్తానండీ.

రుషికొండ కోడర్:
వాళ్ళ నాన్నని మానెయ్యమని ఒక్కరూ అడగరేం?

డాక్‌యార్డ్ వారి ఇల్లాలు (మర్రిపాలెం):
గొడవలు ఆపండి. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగినులకి చైల్డ్ కేర్ లీవు మొత్తం సర్వీసులో 730 రోజులు ఉంది, మొదటి 365 రోజులకి ఫుల్ జీతం, తర్వాతి 365కి 80 శాతం. మా చెల్లి అలా విడతలుగా వాడుకుంటోంది. మీది బ్యాంకు కాబట్టి ఆ రూల్ వర్తించదు, కానీ 2017లో మెటర్నిటీ చట్టం మార్చినప్పుడు 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ (పనివేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసి రావచ్చనీ పెట్టారు. హెచ్ఆర్‌ని ఓసారి అడిగి చూడండి, అడిగితే పోయేదేముంది.

నిద్రలేని అమ్మ:
అడిగా అండీ. మా బ్రాంచిలో మేం పదకొండు మందిమి, సెక్యూరిటీ తాతతో కలిపి. నవ్వి ఊరుకున్నారు.

నైట్ డ్యూటీ సిస్టర్ (అక్కయ్యపాలెం):
నేను పిల్లల వార్డులో నర్సుని, డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి. మంచి ఆయా చెడ్డ ఆయా సంగతి పక్కన పెట్టండి, వార్డుకి వచ్చే కేసుల్లో నేను చూసేవి చాలావరకు మంచివాళ్ళ చేతుల్లో జరిగినవే.

మందు ఎప్పుడూ ఆయా చేతికి వదలకండి. పారాసెటమాల్ డ్రాప్స్‌లో ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములుంటుంది, సిరప్‌లో అయితే 5 ఎంఎల్‌కి 120 ఒక రకం, 250 ఇంకో రకం. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, రంగు కూడా దగ్గర దగ్గరే. సిరప్ లెక్కలో డ్రాప్స్ పోస్తే ఎంత ఎక్కువైపోతుందో చూడండి. జ్వరం వస్తే ఫోన్ చెయ్యమనండి, మీరు చెప్పాకే వెయ్యమనండి, కొలత గొట్టం మీద స్కెచ్ పెన్‌తో గీత పెట్టి ఇవ్వండి. దగ్గు జలుబు సిరప్పులు అసలు వాళ్ళింట్లో ఉంచొద్దు. కొందరు పిల్లలు నిద్రపోవాలని అవి పట్టిస్తారు, అది దుర్మార్గం అని కూడా అనుకోరు, "జలుబుకి మంచిదే కదా" అనుకుంటారు. వాడు ఇంటికొచ్చాక కూడా మత్తుగా, పాలు కూడా తాగకుండా వరసగా నిద్రపోతుంటే అలిసిపోయాడులే అనుకోకండి, అడగండి, డాక్టర్‌కి చూపించండి.

బాత్‌రూమ్‌లో నీళ్ళ బకెట్ నిండా పెట్టి ఉంచడం మనందరికీ అలవాటు, కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి. పాకే పిల్లాడికి అదే నుయ్యి. మూత ఉండాలి లేదా తలుపు గడియ ఉండాలి. ఏడాది లోపు తేనె నాకించొద్దు, మావాళ్ళకి ఇది చెప్పడం మహా కష్టం. పల్లీలు, ద్రాక్ష పండు ముక్క చెయ్యకుండా పెట్టడం, ఇవీ అంతే. మీ పాలు పిండి ఇస్తుంటే అవి బయట నాలుగు గంటలు మించొద్దు, మన వైజాగ్ ఉక్కపోతకి ఇంకా తక్కువే అనుకోండి, ఫ్రిజ్ ఉందో లేదో, కరెంటు పోతే ఏం చేస్తారో అడగండి.

ఆరిలోవ అమ్మాయి:
నేను చదివి ఊరుకుందామనుకున్నా, ఉండలేకపోయా. మా అమ్మ ఆయా. పద్నాలుగేళ్ళుగా. ఎంవీపీ, లాసన్స్ బే, శివాజీపాలెం, చాలా ఇళ్ళు. నేను డిగ్రీ చదివింది ఆ డబ్బుతోనే.

మీరు మా గురించి ఏం అడగాలో చెప్పుకుంటున్నారు, మంచిదే, అడగండి. మేం ఏం అడగలేమో అది కూడా చెప్తా. జీతం ఒకటో తారీఖున ఇస్తారా, పిల్లాడు పది రోజులు ఊరెళ్తే ఆ పది రోజులు కోస్తారా, ఆరింటికని చెప్పి ఎనిమిదింటికి వస్తే ఆ రెండు గంటలు ఎవరివి. ఇవి అమ్మ నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు. ఒక ఇంట్లో సంక్రాంతికి వాళ్ళు భీమవరం పోయి పన్నెండు రోజులకి వచ్చారు, పన్నెండు రోజుల జీతం తీసేశారు, మాకు పండగ లేదు ఆ ఏడు. ఇంకో ఇంట్లో పాప గొలుసు కనపడలేదు. ఏమీ అనలేదు ఎవరూ, మర్యాదగా మాట్లాడారు, కానీ ఆ సాయంత్రం అమ్మ సంచి వాళ్ళ అత్తగారు "ఏం కూరగాయలు కొన్నావ్" అంటూ చూసింది. గొలుసు రెండు రోజులకి సోఫా కింద దొరికింది. దొరికిందన్న సంగతి అమ్మకి వాళ్ళు చెప్పలేదు, పాప చెప్పింది మాటలొచ్చాక... కాదు కాదు, పాప మెడలో చూసి తెలుసుకుంది. ఆ ఇల్లు అమ్మే మానేసింది.

పిల్లల ఒంటి మీద బంగారం తీసేసి పంపండి. ఇది మీ కోసం కాదు, ఆయా కోసం.

ఇంకోటి. అమ్మ చూసిన పిల్లలు కొందరు అమ్మని "అమ్మా" అనేవారు, వాళ్ళమ్మల ముందే. అమ్మ భయపడిపోయేది. "అలా అనకమ్మా, పెద్దమ్మా అను" అని బతిమాలేది. ఎందుకంటే అలా పిలిచిన నెలలోనే ఒక ఇంట్లో తీసేశారు.

నిద్రలేని అమ్మ:
మీరు రాసింది మూడుసార్లు చదివా. జీతం, ఆలస్యం సంగతి నేను ఆవిడతో అసలు మాట్లాడలేదు, నాకు తట్టనే లేదు. రేపే వెళ్తా, ఏమైందో వచ్చి చెప్తా.

కూర్మన్నపాలెం నాన్న:
మేం గాజువాక ఆవిడకి ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చామా లేదా అని ఇప్పుడు ఆలోచిస్తున్నా. గుర్తు లేదు. ఇవ్వలేదనుకుంటా.

రుషికొండ కోడర్:
ఒక చిన్న మాట, ఒకేసారి సోమవారం నుంచి తొమ్మిది గంటలు వదలకండి. ఈ వారం రోజూ వెళ్ళి మీరూ అక్కడే కూర్చోండి, మొదటి రోజు గంట, తర్వాత మీరు వీధి చివర దాకా పోయి రండి, అలా పెంచండి. పిల్లలు ఏడుస్తారు, ఎనిమిదీ తొమ్మిదో నెలల్లో కొత్తవాళ్ళని చూస్తే మరీ ఏడుస్తారు, అది ఆయా తప్పు కాదు. ఏడుపు ఎంతసేపట్లో ఆగుతోంది, ఆవిడ ఎత్తుకుంటే ఆగుతోందా అనేది చూడండి.

(మూడు వారాల తర్వాత)

నిద్రలేని అమ్మ:
చెప్తానన్నా కదా, అందుకే వచ్చా. వెళ్ళి మాట్లాడా. ఆరున్నర దాటితే గంటకి ఇంత అని, మేం ఊరెళ్ళినా జీతం కొయ్యం అని, మందు ఫోన్ చేశాకే అని. బకెట్ గురించి చెప్తే లోపలికి తీసుకెళ్ళి చూపించింది, పీట బోర్లించి మీద పొత్రం పెట్టి ఉంది. నోరు మూసుకున్నా. ఇంట్లో ఎవరుంటారు అని అడిగా, ఒక్క కొడుకు, షిప్‌యార్డ్‌లో కాంట్రాక్ట్ పని, రాత్రే వస్తాడు.

మొదటి వారం వాడూ ఏడ్చాడు నేనూ ఏడ్చా. రెండో వారం గురువారం పదకొండున్నరకి కౌంటర్‌లో ఉండగా ఫోన్. "అమ్మా, గుంటడు మంచం మీంచి పడిపోనాడు, ఏడిసి ఊరుకున్నాడు, ఆడుతన్నాడు, నువ్వోసారి రా తల్లీ." ఆటో ఎలా ఎక్కానో తెలీదు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. ఆవిడ వణికిపోతోంది, నన్ను చూశాక ఏడ్చింది. ఇంకో పిల్లకి కడుగుతూ వీణ్ణి ఒక్క నిమిషం మంచం మీద పెట్టిందట. డాక్టర్ చూసి వాంతులు, మత్తు, ఫిట్స్ ఏమైనా ఉంటాయేమో ఒకరోజు గమనించమన్నారు, ఏమీ లేవు.

మా ఆయన ఆ రాత్రే మాన్పించేద్దాం అన్నాడు, గట్టిగా గొడవైంది. నేను ఒకటే అడిగా, అంతకు ముందు నెల నీ దగ్గరున్నప్పుడు సోఫా మీంచి పడితే నాకెప్పుడు చెప్పావ్ అని. నాలుగు రోజుల తర్వాత, అదీ నేను గీత చూసి అడిగితే. ఆవిడ చెప్పకపోతే బొప్పి కనపడేదే అనుకోండి, కానీ పడిన ఐదు నిమిషాల్లో చేసింది ఫోన్. శుక్రవారం మళ్ళీ అక్కడే దింపా. నేలమీద వెయ్యడానికి రెండు బొంతలు ఇచ్చా, మంచం మాట ఇక లేదు.

నైట్ డ్యూటీ సిస్టర్:
ఏడాది లోపు పిల్లలు తల మీద పడితే ఎప్పుడైనా సరే ఇలాగే చూపించెయ్యండి, ఆడుతున్నాడు కదా అని ఊరుకోవద్దు. బొంతలు మంచి పని.

ఆరిలోవ అమ్మాయి:
మా అమ్మకి చదివి వినిపించా అండీ. "ఆ తల్లి తిట్టనేదు గదా, ఈసారి కూడా సెప్తాది ఆ మనిసి" అంది.

నిద్రలేని అమ్మ:
తిట్టలేదు గానీ ఆ రోజు మాట్లాడనూ లేదు, అది కూడా చెప్పాలి. సరే, ఇంకో డౌట్. పండగొస్తోంది, ఆవిడకి చీర పెట్టాలా, డబ్బులివ్వాలా? మీ అమ్మగారికి ఏది నచ్చేది?

ఆరిలోవ అమ్మాయి:
డబ్బులు. చీర పెడితే కాదనదు గానీ, డబ్బులు. పండగకి నాలుగు రోజుల ముందే ఇవ్వండి, భోగి రోజున ఇస్తే ఏం కొనుక్కుంటారు.