నవంబర్ రెండో ఆదివారం పెద్దల కార్యక్రమం: ఎవరు ఏ పని?

తార్నాక సమన్వయం: ఇక్కడ హైదరాబాద్‌లో ఉన్న మన పెద్దల సన్మానానికి అమెరికా నుంచి డల్లాస్ కమిటీ పంపిన ప్లాన్ చూశాను. శాలువాలు, జ్ఞాపికలు, రెండు గంటల పాటలు. బాగానే ఉంది, కానీ అదంతా హాలు దాకా రాగలిగినవాళ్లకు. మోకాళ్లు సహకరించక మూడో అంతస్తు దిగలేనివాళ్ల మాటేంటి? నవంబర్ అంటే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ నెల, అంటే పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని ఏటా రుజువు ఇచ్చే నెల. వేదిక హంగు తగ్గించి, ఇద్దరిద్దరం జట్లుగా వాళ్ల ఇళ్లకే వెళ్దాం.

ఎనభై దాటినవాళ్లకు అక్టోబర్ 1 నుంచే తీసుకుంటారు కాబట్టి నిన్న మా వీధి బాబాయిగారి పని చూశాను. వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు ఎంత నొక్కినా పడదు. పాపం, లుంగీకి తుడిచి తుడిచి పెట్టారు. చివరికి ఫోన్లో ముఖం చూపించి చేశాం: కిటికీ వెలుగుకు తిరిగి, కళ్లజోడు తీసి, ఒక్కసారి రెప్ప వేశారు, అయిపోయింది. సర్టిఫికెట్ కోసం జీవన్ ప్రమాణ్, ముఖం గుర్తుపట్టడానికి ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు రెండూ ఫోన్లో ముందే వేసుకుని రండి. పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ వాళ్లు తీసి పెట్టుకోవాలి.

డల్లాస్ కమిటీ: మంచి ఆలోచన అన్నా. ఆటోలకు, భోజనాలకు డబ్బు నీ అకౌంట్‌కే వేసేయమంటావా?

తార్నాక సమన్వయం: వద్దు బాబూ! విదేశీ సంఘం డబ్బు సేవకని ఇక్కడ తీసుకోవాలంటే విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, అదీ ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆటో చార్జీలు మేం పెట్టుకుంటాం. మీరు చేయాల్సింది వేరే ఉంది: మీ అమ్మానాన్నలకు ముందే ఫోన్ చేసి, ఎవరొస్తారో పేరు, ఫొటోతో సహా చెప్పండి. తలుపు తీయొద్దని వాళ్లకు నేర్పింది మీరే కదా.

మల్కాజ్‌గిరి వాలంటీర్: ఓటీపీ సంగతేంటన్నా? పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు లాగే ‘డిజిటల్ అరెస్ట్’ మోసాలు విన్నాక మా పక్కింటి ఆంటీ బ్యాంకు వాళ్లు ఫోన్ చేసినా ఎత్తడం లేదు.

తార్నాక సమన్వయం: ఆవిడ చేసేదే కరెక్ట్. ఓటీపీ మనకు చెప్పకూడదు, వాళ్లే టైప్ చేయాలి. కాగితాలకు మన ఫోన్లో ఫొటోలు తీయొద్దు. ఈ రెండూ కుదరవనేవాళ్లు జట్టులో వద్దు, మొహమాటం లేకుండా చెప్తున్నా. సైబర్ మోసాలకు 1930, పెద్దల సాయానికి ఎల్డర్‌లైన్ 14567. పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అతికించి రండి.

డల్లాస్ అక్క: మా అమ్మ ‘నాకేం వద్దు’ అనే అంటుంది తమ్ముడూ.

తార్నాక సమన్వయం: అందరూ అదే అంటారక్కా. సర్టిఫికెట్ పేరుతో వెళ్తే కాఫీ పెట్టి గంటసేపు కూర్చోబెడతారు. అందుకే జట్టుకు ఉదయం మూడు ఇళ్లే, అంతకు మించి పెట్టను.

డల్లాస్ వాళ్లూ, ఇక్కడికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి: మీ గడియారాలు నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి మారతాయి. అప్పటిదాకా మీ శనివారం రాత్రి 9 అంటే మాకు ఆదివారం ఉదయం 7:30, ఆ తర్వాత 8:30. బుధవారంలోగా మీ వాళ్ల ఏరియా, అంతస్తు, లిఫ్టు ఉందో లేదో నాకు విడిగా పంపండి. అడ్రస్‌లు గ్రూపులో పెట్టకండి.