గణవిభజనలో మార్కులొచ్చాయి, పద్యం మాత్రం రావట్లేదు. మీకెలా వచ్చింది?

బ్రాడీపేట_కుర్రాడు:
గుంటూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నా. పదో తరగతిలో గణవిభజన ప్రశ్నకి పూర్తి మార్కులు. గణాలు (అక్షరాల గుంపులు) గుర్తుపెట్టుకునే సూత్రం యమాతారాజభానసలగం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అక్షరాల మీద గురులఘువులు (సాగేవి గురువులు, పొట్టివి లఘువులు) గీయడం, భరనభభరవ అనే గణాల వరస కనపడగానే ఉత్పలమాల అని రాసేయడం, అంతే. ఆ పద్యం ఏం చెబుతోందో ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. మొన్న బెజవాడ దుర్గగుడికి వెళ్లొచ్చాక ఎందుకో రాయాలనిపించింది. ఆటవెలది అనుకునే రాశా. నవ్వకండి.

కొండ మీద గుడికి వేయి మెట్లెక్కిన
కాళ్ళ నొప్పి మరచు గాలి తగిలి
కింద కృష్ణ పారు కెరటాల చప్పుడు
వింటూ నిలిచి బస్సు విడిచినాను

ఇందులో తప్పులెక్కడ? మీరంతా ఎలా నేర్చుకున్నారు?

పాత_మాస్టారు:
బాబూ, ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పాను. నీ చేత గీతలు గీయించి వదిలేసిన తప్పు మాదే. రెండు చోట్ల జారావు. మొదటి పాదంలో యతి లేదు. ఆటవెలదిలో నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. 'కొ'కి 'వే' ఏం కలుస్తుంది? రెండో పాదంలో 'కా'కి 'గా' చక్కగా కుదిరింది, కఖగఘలకి మైత్రి ఉంది కదా. ఇక చివరి పాదంలో ఐదూ సూర్యగణాలే రావాలి. అంటే మూడు లఘువుల నగణం గానీ, గురువు పక్కన లఘువు గానీ. నీ 'వింటూ'లో రెండూ గురువులే.

అనుమానం వచ్చినప్పుడల్లా 'విశ్వదాభిరామ వినురవేమ' పక్కన పెట్టుకుని చదువు. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదూ సూర్యగణాలే, వికి వి యతి. ప్రతి తెలుగువాడి నోట్లోనూ ఉన్న తూకపురాయి అది. మనమే తూచడం మానేశాం.

కృష్ణలంక_వాసి:
'వేయి' తీసి 'కోటి' పెట్టు తమ్ముడూ, యతి సరి. చివరి పాదంలో 'వింటూ' బదులు 'వినుచు'. అయిపోయింది.

రైలుకట్ట:
దుర్గగుడికి కోటి మెట్లా అన్నా? యతి కోసం అమ్మవారి కొండనే హిమాలయం చేస్తారా! పైగా బస్సు తప్పిపోయిన కుర్రాడి చేత 'వినుచు' అనిపించడమేంటి, పంచె కట్టించి సిటీబస్సు ఎక్కించినట్టుంది. అందుకే నేను వచన కవిత్వం రాసుకుంటా. ఇంకోటి, బ్యారేజీ గేట్లెత్తిన రోజుల్లో తప్ప కృష్ణలో అంత చప్పుడెక్కడిది?

కృష్ణలంక_వాసి:
గేట్లెత్తినప్పుడే వెళ్లాడేమో. వరదొస్తే మా ఇంట్లోకే వినపడుద్ది.

తెనాలి_మనవడు:
రాయడం సంగతి మాస్టారు చెప్పారు, నేను చదవడం గురించి చెప్తా. మా తాతయ్య పద్యనాటకాల పిచ్చోడు. ఊళ్లో నాటకం ఉందంటే నన్ను భుజాన వేసుకుని పోయేవాడు. నటుడు పద్యం ఎత్తుకోవడం, హార్మోనియం వెంటపడటం, జనం వన్స్‌మోర్ అనడం. ఆ రాగాలతో పద్యాలు నోటికొచ్చేశాయి, ఒక్కదానికీ అర్థం తెలీదు. పైగా ఛందస్సు నేర్చుకునేటప్పుడు ఆ రాగమే అడ్డమొచ్చింది. సాగదీస్తే లఘువు కూడా గురువులాగే వినపడుతుంది. అందుకని ముందు రాగం లేకుండా, కూరగాయల లెక్క చదివినట్టు చప్పగా చదివేవాణ్ణి. తర్వాత పదాలు విడగొట్టి, ఎవరు ఎవరితో ఏమన్నారో మామూలు మాటల్లో చెప్పుకునేవాణ్ణి. రాగం ఆఖర్న. పాదం ఆగినచోట అర్థం ఆగదని తెలియడానికే నాకు ఏడాది పట్టింది.

పాత_మాస్టారు:
బాగా చెప్పావు నాయనా. ఈ అబ్బాయి పద్యంలోనూ అదే ఉంది చూడు. 'ఎక్కిన' దగ్గర పాదం ఆగింది, మాట మాత్రం కింది పాదంలో 'కాళ్ళ' మీద వాలింది. తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, నాకు నచ్చింది అక్కడే.

కందమంటే_భయం:
నేను ఆఫీసుకి గుంటూరు నుంచి బెజవాడ రోజూ నాన్‌స్టాప్ బస్సులో వెళ్లొస్తా, నా బడి ఆ బస్సే. ఆటవెలదితో మొదలుపెట్టడం మంచి పని చేశావు తమ్ముడూ, అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే ఉండాలనే ప్రాస బాధ లేదు. నేను తెలివితక్కువగా కందంతో మొదలెట్టా. బేసి గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) రాకూడదు, ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) అవ్వాలి, నాలుగు పాదాలకీ ప్రాస, రెండో పాదం నాలుగో పాదం చివర గురువు. సుమతీ శతకం కందాల చివర 'సుమతీ' అని ఎందుకు దీర్ఘం తీశారో అప్పుడర్థమైంది! ఆరు నెలల్లో రెండు కందాలు, అవీ మా వారి మీద తిట్లు. ఛందస్సు సరిచూసే సాఫ్ట్‌వేర్లున్నాయి, వాడు. యతి తప్పితే పట్టుకుంటుంది గానీ, కోటి మెట్లు అంటే నవ్వొస్తుందని అది చెప్పదు.

'కోటి' బదులు 'కోరి' పెట్టి చూడు. గణం అదే, యతి అదే, అబద్ధం పోయింది. 'వినుచు' కూడా అక్కర్లేదు. 'వింటు' అని కురచ చేస్తే గురువు, లఘువు. సూర్యగణమే.

రైలుకట్ట:
ఇది బాగుందక్కా. ఒప్పుకున్నా.

పాత_మాస్టారు:
'కోరి' నాకెందుకు తట్టలేదో. భేష్ అమ్మా.

బ్రాడీపేట_కుర్రాడు:
అందరికీ దండాలు. ఇదిగో.

కొండ మీద గుడికి కోరి మెట్లెక్కిన
కాళ్ళ నొప్పి మరచు గాలి తగిలి
కింద కృష్ణ పారు కెరటాల చప్పుడు
వింటు నిలిచి బస్సు విడిచినాను

రాత్రి అమ్మకి చదివి వినిపించా, మీరన్నట్టు రాగం లేకుండానే. మొత్తం విని, "ఆ రోజు బస్సులే లేవన్నావు కదరా" అంది.