‘వికిరణ నమూనా’ అనవచ్చునా?

గుణుపురం నుంచి ప్రశ్న:

మాస్టారికి నమస్కారం. మా అబ్బాయి బడి చదువంతా ఒడియాలో సాగింది; ఇప్పుడు ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. వాడికి తెలుగు ఇంట్లో వచ్చినదే తప్ప బడిలో నేర్చినది కాదు. యాంటెన్నా ఏ దిక్కుకు ఎంత శక్తిని పంపుతుందో చూపే బొమ్మను వాడి పుస్తకంలో రేడియేషన్ ప్యాటర్న్ అన్నారు. వాడి కోసం దాని మీద తెలుగులో నాలుగు పేజీలు రాయబోతూ ‘వికిరణ నమూనా’ అని శీర్షిక పెట్టాను. మా ఆడపడుచు చదివి, ‘ఇదేదో దరఖాస్తు నమూనాలా ఉంది వదినా’ అని నవ్వింది. ఏ మాట వాడమంటారు? ఆ బొమ్మలో పూరేకుల్లా పొడుచుకొచ్చి కనిపించే లోబులను ఏమనాలి?

పర్లాకిమిడి నుంచి సమాధానం:

అమ్మా, మీ ఆడపడుచుగారి నవ్వులో న్యాయం ఉంది. మట్టి నమూనా, నమూనా ప్రశ్నపత్రం, దరఖాస్తు నమూనా అన్నప్పుడు ఆ మాటకు మచ్చు అనో, చూసి అనుసరించవలసినది అనో అర్థం వస్తుంది. యాంటెన్నా బొమ్మ ఆ రెండిటిలో ఏదీ కాదు. పత్రికలు ‘ఓటింగ్ సరళి’ అని రాసినప్పుడు ఎక్కడి ఓట్లు ఎటు మొగ్గాయో చెబుతాయి కదా, మనకు కావలసిన అర్థం అదే. కనుక గుణానికి ‘వికిరణ సరళి’ అని, ఆ గుణాన్ని కాగితం మీద గీసినప్పుడు ‘వికిరణ చిత్రం’ అని రెండు పేర్లు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ‘వికిరణం’ విషయంలో పేచీ లేదు. ఉష్ణవికిరణం అన్న మాట బడిపుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్నది. మీ అబ్బాయి ఒడియాలో చదువుకున్న ‘బికిరణ’ కూడా అదే మాట.

రెండు పేర్లు ఎందుకంటే, గుణానికీ గీతకూ తేడా తెలియనివారు ఆ బొమ్మను నేలమీది పటంలా చదువుతారు. రేక (మీరడిగిన లోబు) ఎంత పొడుగ్గా ఉంటే సిగ్నల్ అంత దూరం పోతుందనీ, గీత ముగిసిన చోట సిగ్నల్ కూడా ముగిసిపోతుందనీ అనుకుంటారు. నిజానికి ఆ బొమ్మ గీసే పద్ధతిలో దూరానికి చోటే లేదు. యాంటెన్నా చుట్టూ ఒకే దూరంలో తిరుగుతూ ఒక్కొక్క దిక్కున ఎంత బలం అందుతుందో కొలిచి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాన్ని 1 అనుకొని, మిగతావాటిని దానిలో ఎన్నో వంతుగా లెక్కించి, కేంద్రం నుంచి ఆయా దిక్కులకు ఆ నిష్పత్తి పొడవున గీతలు గీసి, వాటి కొనలను కలుపుతారు. పొడవు నిష్పత్తిని చెబుతుందే తప్ప కిలోమీటర్లను చెప్పదు. ఆ కొలతైనా చాలినంత ఎడంగా నిలబడి తీసుకోవాలి. దగ్గరలో కొలిస్తే దూరం మారినకొద్దీ ఆకారమే మారిపోతుంది. యాంటెన్నా వెడల్పు వర్గాన్ని రెట్టింపు చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది ఆ ఎడానికి వాడుకలో ఉన్న కనీస హద్దు. ఇంటి మీది 60 సెంటీమీటర్ల డిష్‌కు 12 గిగాహెర్ట్జ్ వద్ద అది సుమారు 29 మీటర్లవుతుంది.

పొడవును నమ్మకూడదనడానికి మరొక కారణం కొలమానం. డైపోల్ అనే తిన్నని తీగ యాంటెన్నాను, అది తరంగదైర్ఘ్యం కంటే బాగా పొట్టిదైనప్పుడు, విద్యుత్ క్షేత్రం లెక్కన గీస్తే రెండు నిండు వృత్తాలు ఒకదానినొకటి తాకుతూ ఎనిమిది అంకెలా కనిపిస్తాయి. అదే యాంటెన్నాను శక్తి లెక్కన గీస్తే ఆ ఎనిమిది సన్నబడుతుంది; డెసిబెళ్లలో, అంటే శక్తి పదో వంతుకు పడిన ప్రతిసారీ 10 చొప్పున తగ్గే కొలతలో, గీస్తే లావెక్కుతుంది. యాంటెన్నా ఒకటే, సరళి ఒకటే, చిత్రాలు మాత్రం మూడు.

అన్నిటికన్నా పెద్దదైన ప్రధాన రేకకు పక్కన కనిపించే చిన్న రేకల, అంటే పక్క రేకల, దగ్గర ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. పొడవునా ఒకే బలంతో వెలువరించే యాంటెన్నా వరుసకు మొదటి పక్క రేక ప్రధాన రేక కంటే సుమారు 13 డెసిబెళ్లు తక్కువగా ఉంటుంది, అంటే శక్తిలో అది 20వ వంతు. శక్తి లెక్కన గీసిన బొమ్మలో ఆ రేక కంటికి ఆననే ఆనదు. కేంద్రం నుంచి అంచు వరకు 40 డెసిబెళ్ల కొలమానం పెట్టి గీస్తే అదే రేక ప్రధాన రేకలో మూడింట రెండు వంతుల పొడవున నిలబడుతుంది. ఇక అడ్డేమీ లేని చోట ఒకే బలం ఎంత దూరం వరకు అందుతుందని చూస్తే, దూరం రెట్టింపైతే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది కనుక, ఆ పక్క రేక దిక్కున ప్రధాన దిక్కులో నాలుగున్నరో వంతు దూరం వస్తుంది. కొలమానం పేరు రాయకుండా అచ్చువేసిన వికిరణ చిత్రం స్కేలు లేని పటం కంటే ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది; పాఠ్యపుస్తకాలు కూడా ఈ విషయంలో అప్పుడప్పుడూ అశ్రద్ధ చూపుతాయి.

లోబుకు నేను పైన ‘రేక’ అని వాడాను. జీవశాస్త్రంవారి ‘లంబిక’ ఉన్నది కానీ, అది వేలాడే అవయవాన్ని స్ఫురింపజేస్తుంది. ‘పాయ’ అంటే ఏటిపాయలాగా పారుతూ దూరం పోయేదన్న భావం మళ్లీ వచ్చి చేరుతుంది. ప్రధాన రేక, పక్క రేకలు, వెనక రేక అంటే బొమ్మ చూసినవారికి వెంటనే తడుతుంది. రెండు రేకల నడుమ ఏమీ వెలువడని దిక్కును ‘శూన్యదిశ’ అనవచ్చు. ఈ మాటను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే చెవికి తెలిసేది రేక కాదు, శూన్యదిశే. మధ్యతరంగాలు (మీడియం వేవ్) అందుకునే పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటే పరీక్షించి చూడండి. దాని లోపల పొడుగు వైపున ఒక నల్లని ఫెర్రైట్ కడ్డీ, దానిపై చుట్టిన తీగ ఉంటాయి. కడ్డీ రేడియో ప్రసార కేంద్రానికి అడ్డంగా ఉన్నప్పుడు ప్రసారం నిండుగా వస్తుంది. కడ్డీ కొన ఆ కేంద్రం వైపు తిరిగినప్పుడు సన్నగిల్లుతుంది. మా పర్లాకిమిడికి విశాఖపట్నం రేడియో కేంద్రం నైరుతిన, ఒడిశాలోని జయపురం కేంద్రం పడమటన ఉంటాయి కనుక, కడ్డీని నైరుతికి గురిపెడితే తగ్గేది విశాఖ ప్రసారమే. గరిష్ఠ దిశ నుంచి 10 డిగ్రీలు పక్కకు తిప్పితే తీగలో పుట్టే వోల్టేజి నూటికి రెండు పాళ్లు కూడా తగ్గదు, ఆ కాస్త తేడాను రేడియో తనంతట తానే సర్దేస్తుంది. శూన్యదిశ నుంచి అదే 10 డిగ్రీలు తిప్పితే సున్నా దగ్గరి నుంచి నూటికి పదిహేడు పాళ్లకు ఎగబాకుతుంది. దిక్కులు కనిపెట్టే రేడియో సాధనాలు శూన్యదిశను వెతకడానికి కారణం ఇదే. ఇక్కడ రేడియో అందుకుంటోంది కదా, వికిరణ సరళి అనడమేమిటని మీ అబ్బాయి అడగవచ్చు. మామూలు యాంటెన్నాలన్నిటికీ పంపే సరళి, అందుకునే సరళి ఒకటే. దీన్ని పరస్పరత అంటారు.

రాయగడ నుంచి:

మాస్టారూ, ‘సరళి’తో నాకు పేచీ లేదు, ‘రేక’తోనే ఉంది. రేక పలచనిది. అర్ధతరంగ డైపోల్ (పొడవు తరంగదైర్ఘ్యంలో సగం ఉన్న డైపోల్) వికిరణం ఘనంగా చూస్తే గారెలా ఉంటుంది, తీగ గారె చిల్లులోంచి దూరి ఉంటుంది. గారెకు రేకలెక్కడివండీ?

పర్లాకిమిడి నుంచి:

గారెకు రేకలు లేవు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని తీగ వెంబడి నిలువుగా కోస్తే రెండు రేకలు కనిపిస్తాయి, తీగకు అడ్డంగా కోస్తే వృత్తం మాత్రమే మిగులుతుంది. కాగితం మీద అచ్చయ్యేవన్నీ ఇలాంటి కోతలే, కనుక ‘రేక’ను కోతకు పరిమితం చేద్దాం. అన్ని దిక్కులకూ సమానంగా వెలువరించే యాంటెన్నా లెక్కలకే తప్ప లోకంలో లేదు. దానితో పోలిస్తే అర్ధతరంగ డైపోల్ తన గరిష్ఠ దిశలో 1.64 రెట్లు ఇస్తుంది, అంటే 2.15 డెసిబెళ్లు.

ఏ కోతో చెప్పకపోతే ఏమవుతుందో చూడడానికి ఆంధ్రలోని పాతపట్నం, ఒడిశాలోని మా పర్లాకిమిడి మధ్య దారిలోని సెల్ టవర్లు చాలు. టవర్ మీది పొడవాటి పలక యాంటెన్నాలను సాధారణంగా మూడు వైపులా బిగిస్తారు. ఒక్కొక్క దాని ప్రధాన రేక అడ్డ కోతలో సుమారు 65 డిగ్రీల వెడల్పు ఉంటుంది, అంటే ఆ కోణం అంచుల వద్ద శక్తి సగానికి తగ్గుతుంది. నిలువు కోతలో మాత్రం అది కొద్ది డిగ్రీలే; దాన్ని కాస్త నేల వైపు వంచుతారు. ఆ వంపును బట్టి, మధ్యలో ఉన్న గుట్టలను బట్టి సిగ్నల్ ఎక్కడిదాకా పోవాలో తేలుతుంది తప్ప రాష్ట్రాల సరిహద్దుతో దానికి పనిలేదు. అందుకే ఒడిశాలో నిలబడినా ఫోను ఒక్కోసారి ఆంధ్ర టవర్‌ను పట్టుకుంటుంది. టవర్ మొదట్లో నిలబడినవారికి ప్రధాన రేక నెత్తిమీదుగా పోతుంది. వారికి అందేది నిలువు కోతలోని కింది పక్క రేకలు, వాటి మధ్య శూన్యదిశలు. ‘టవర్ కిందే ఉన్నాను, అయినా సిగ్నల్ సరిగా లేదు’ అనేవారిలో కొందరి ఫిర్యాదుకు జవాబు ఆ రెండో కోతలో ఉంది.