పిల్లలతో కలిసి ఇంట్లోనే కారు పని: ఏవి చేయించొచ్చు, ఏవి వద్దు?

ఆదివారం_షెడ్డు
మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. నేను బోనెట్ ఎత్తితే చాలు, వచ్చి పక్కన నిలబడతాడు. ఇంతవరకూ టార్చ్ పట్టుకోవడమే వాడి డ్యూటీ. కాసేపటికే చెయ్యి లాగేస్తుంది, వెలుగు ఎటో పోతుంది, నాకు విసుగు, వాడికి ఏడుపు. తలకు పెట్టుకునే లైటు కొనేశాక ఆ గొడవ తీరింది. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా వాడి చేత్తోనే పూర్తయ్యే పనులు ఇవ్వాలని చూస్తున్నాను.

ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెట్టాం. క్లిప్పులు వాడే విప్పాడు. పాత ఫిల్టర్ మడతల్లో ఎండుటాకు ముక్కలు, ఓ పురుగు రెక్క, మెత్తటి బూడిద లాంటి దుమ్ము. "ఇంజిన్ ఇదంతా పీల్చేదా నాన్నా?" అని చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాడు. డబ్బా అడుగు గుడ్డతో తుడిచి, కొత్తది పెట్టి, అంచు చుట్టూ వేలితో నొక్కుకుంటూ వచ్చాడు. అక్కడ సందు ఉంటే దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకే పోతుందని ముందే చెప్పాను లెండి.

మీరు మీ పిల్లలతో ఏమేం చేయించారు? ఎక్కడ ఆపారు?

నాలుగు_చక్రాలు
మా పాపకి ఏడేళ్లు. టైర్లలో గాలి చూడటం పూర్తిగా దాని శాఖే. పొద్దున్నే, బండి కదలకముందే చూడాలి. కాస్త దూరం నడిచినా టైరు వేడెక్కి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. గేజ్ పెట్టి, చదివి, నోట్‌బుక్‌లో రాసుకుంటుంది.

ఆ నోట్‌బుక్ వల్లే ఓ సంగతి బయటపడింది. వెనక ఎడమ టైరు ఒక్కటే ప్రతిసారీ తగ్గుతోందని అదే గమనించింది. సబ్బునీళ్లు కలిపి ఇచ్చాను. టైరంతా పూసింది, ఏమీ లేదు. వాల్వ్ మీద పోస్తే సన్నటి బుడగలు ఒక్కొక్కటే ఉబ్బుతూ వచ్చాయి. వాల్వ్ లోపలి పిన్ను వదులైంది, బిగిస్తే ఆగిపోయింది. ఆ రోజు దాని ముఖం చూడాలి!

పానా_పట్టు
ఇద్దరూ మంచి పనులే ఎంచుకున్నారు. "ఎక్కడ ఆపారు" అన్నదానికి నా జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఏమనుకోకండి.

జాకీ మీద ఉన్న కారు కిందికి పిల్లలే కాదు, పెద్దవాళ్లూ దూరకూడదు. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. కింద పని ఉంటే గట్టి, చదునైన నేల మీద జాకీ స్టాండ్లు పెట్టాలి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టాలి. అన్నీ పెట్టినా మా ఇంట్లో పిల్లలు కారు కిందికి రారు. ఇందులో నాకు సడలింపు లేదు.

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత ముట్టుకోనివ్వొద్దు. లోపల ప్రెషర్ ఉంటుంది, తిప్పగానే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ ఆపేసినా ఫ్యాన్ దానంతటది తిరగడం చాలా కార్లలో మామూలే, వేళ్లు అటు పోనివ్వకండి.

అందరూ తేలిగ్గా తీసుకునేది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. చాలావాటిలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. నేల మీద ఒలికితే అప్పటికప్పుడు కడిగేయండి, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. మిగిలింది ఎప్పుడూ తాగేనీళ్ల సీసాలో పోయకండి.

బోనెట్_కింద
బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మాయికి పన్నెండేళ్లు, నేను పక్కనే ఉండి టెర్మినల్స్ శుభ్రం చేయిస్తాను. కళ్లకు రక్షణ అద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ముందు నెగెటివ్ విప్పాలి అంటే "ఎందుకు?" అని పట్టుకుంది. కారు బాడీ అంతా నెగెటివ్‌కే కలిపి ఉంటుంది కదా. అది తీయకుండా పాజిటివ్ విప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలిందంటే షార్టే. నెగెటివ్ తీసేశాక తగిలినా ఏమీ కాదు. బొమ్మ గీసి చూపించాక బిగించేటప్పుడు నెగెటివ్ చివర్లో అని అదే చెప్పింది.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ కూడా ఇవ్వండి. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, ఇంజిన్ ఆన్ చేస్తే 14 దగ్గరికి పోతుంది. ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఏం చేస్తుందో ఆ అంకె మారడం చూసి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది.

రెండో_గేర్
చిన్న మాట. మర్నాడు పొద్దున్న కారు కావాలంటే ఆ సాయంత్రం పిల్లలతో పని పెట్టుకోకండి. మనకు టెన్షన్ ఎక్కితే పానా వాళ్ల చేతిలోంచి లాగేసుకుంటాం, వాళ్లు మళ్లీ ఆ దరిదాపులకు రారు.

ఆదివారం_షెడ్డు
అందరికీ థ్యాంక్స్. గాలి నోట్‌బుక్ ఈ వారమే మొదలు. ఒక్క సందేహం: వచ్చే నెల ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చాలి. వాణ్ణి దగ్గర ఉంచుకోనా?

పానా_పట్టు
ఉంచుకోండి, కానీ బ్రేక్ మీద చెయ్యి మీదే. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేస్తాం కదా, అది వాడు ప్రయత్నించొచ్చు. బ్రేకుల్లో పేరుకున్న దుమ్ము మాత్రం ఎవరూ ఊదకండి, బ్రేక్ క్లీనర్ కొట్టేటప్పుడు వాణ్ణి దూరంగా నిలబెట్టండి. పాత ప్యాడ్, కొత్త ప్యాడ్ పక్కపక్కన పెట్టి మందం కొలవమనండి. నట్లు ఎదురెదురుగా మార్చి మార్చి బిగించే వరస వాడు చెబితే మీరు బిగించండి, చివరి బిగింపు కారు దించాక టార్క్ రెంచితో (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా). కొత్త ప్యాడ్లు పట్టడానికి, వాటిని నొక్కే పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి కారు కదపకముందే బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా మళ్లీ మళ్లీ నొక్కడం మర్చిపోవద్దు. దాన్ని గుర్తుచేసే బాధ్యత వాడికి అప్పగించండి.