బోటు ట్రెయిలర్‌కి బ్రేకులు పెట్టించాలి, చెన్నైలో ఏ రకం మంచిది?

పులికాట్‌ఆదివారం:
అందరికీ నమస్తే. ఉండేది తిరువాన్మియూర్‌లో. పోయిన నెల ఓ పాత ఫైబర్ బోటు కొన్నాను, 17 అడుగులు, 75 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజను, దానితో పాటే ట్రెయిలర్. ఆదివారాలు పులికాట్ దాకా లాక్కెళ్లి చేపలు పట్టుకుందామని ఆశ. ట్రెయిలర్‌కి బ్రేకులు లేవు. అమ్మినాయన "ఆరేడొందల కేజీలే కదా సార్, కారు బ్రేకే చాలు" అంటే నేనూ తలూపేశాను. మొన్న రెడ్ హిల్స్ దాటాక ముందు లారీ సడన్‌గా ఆగింది. బ్రేకు తొక్కితే కారు ఆగినట్టే ఆగి, వెనక నుంచి ఎవరో భుజంతో గెంటినట్టు ఇంకో నాలుగడుగులు జారింది. లారీకీ బానెట్‌కీ మధ్య జానెడు మిగిలింది. ఆ రోజు నుంచి బోటు పేరెత్తితే మా ఆవిడ లేచి వెళ్లిపోతోంది.

పుదుపేటలో ఒకతను పాత కారు వెనక డ్రమ్ములు, ఒక మాస్టర్ సిలిండరు పెట్టి సెట్ చేసిస్తానంటున్నాడు, చవకే. అమెరికాలో ఉన్న బావమరిదేమో ఎలక్ట్రిక్ బ్రేకులు పెట్టించుకో, డాష్‌బోర్డు దగ్గరే కంట్రోల్ ఉంటుందంటాడు. ఇంకొకరు ఓవర్‌రన్ అన్నారు, అదేంటో నాకు సరిగ్గా తెలీదు. ఏది పెడితే ఆర్టీఓ దగ్గర ఇబ్బంది ఉండదు, ఏది ఉప్పునీళ్లలో బతుకుతుంది?

లంగరు:
బ్రేకుల సంగతి తర్వాత, ముందు దాన్ని కాటా ఎక్కించు బ్రదర్. లారీలు తూకం వేసే వేబ్రిడ్జి ఏదైనా ఫర్వాలేదు. పెట్రోలు ట్యాంకు నింపి, బ్యాటరీ, లంగరు, ఐసు పెట్టె, గాలాల సామాను అన్నీ బోటులో వేసి, కారు నుంచి విప్పి ట్రెయిలర్ ఒక్కదాన్నే నిలబెట్టు. ఆరేడొందలు అన్నాయన ఉత్త బోటు బరువు చెప్పి ఉంటాడు. నీ ఇంజనే నూట అరవై కేజీల చుట్టుపక్కల ఉంటుంది, ట్యాంకులో వంద లీటర్లు పడితే అదో డెబ్బై అయిదు. ట్రెయిలర్ ఇనుము ఎవరు లెక్కపెట్టారు?

నేను కొన్నేళ్లు ఇంగ్లండులో ఉన్నాను, అక్కడ చిన్న సెయిలింగ్ బోటు లాగేవాణ్ని. వాళ్ల లెక్క తేలిక. మొత్తం బరువు 750 కేజీలు దాటితే, లేదా లాగే కారు బరువులో సగం దాటితే, ట్రెయిలర్‌కి సొంత బ్రేకు ఉండి తీరాలి. 3,500 కేజీల దాకా ఓవర్‌రన్ చాలు. అంటే ఏమీ లేదు, కారు ఆగుతుంటే వెనక బరువు ముందుకి తోస్తుంది కదా, నీకు భుజంతో గెంటినట్టు అనిపించింది చూడు, అదే. ఆ తోపుకి కప్లింగ్, అంటే ట్రెయిలర్‌ని కారుకి తగిలించే ముందరి భాగం, దాని లోపలి గొట్టం వెనక్కి జరిగి ఒక లీవర్ని నెడుతుంది, లీవర్ రాడ్డుని లాగుతుంది, రాడ్డు చివర కేబుళ్లు డ్రమ్ములో షూలని తెరుస్తాయి. కారు వైపు వైరింగ్ అక్కర్లేదు, కంట్రోలర్ అక్కర్లేదు. లోపల షాక్ అబ్జార్బర్ లాంటి డ్యాంపర్ ఉంటుంది కాబట్టి ప్రతి గతుక్కీ టకటకా కొట్టుకోదు.

ఎలక్ట్రిక్ చెడ్డదని కాదు. అమెరికాలో క్యారవాన్లకి అదే వాడతారు. కానీ డ్రమ్ములో విద్యుదయస్కాంతం, దానికి వైర్లు, వాటిని వారం వారం ఉప్పునీళ్లలో ముంచడం! అక్కడ కూడా బోటు ట్రెయిలర్లకి ఎక్కువగా తోపుతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులే ఉంటాయి, మీ బావమరిదిని అడుగు.

ఇక పుదుపేట డ్రమ్ముల మాట. అతుకుల బొంత వద్దు. ఓవర్‌రన్‌లో కప్లింగు, రాడ్డు, డ్రమ్ములు ఒక సెట్టు, ఒకదాని లీవర్ లెక్క ఇంకోదానికి సరిపోవాలి. యూరప్ నిబంధన ప్రకారం ట్రెయిలర్ మొత్తం బరువులో 2 శాతం లోపు తోపుకి బ్రేకు కదలకూడదు, 4 శాతం దాటే లోపు కదలాలి. 1,500 కేజీల ట్రెయిలర్ అయితే ముప్ఫై నుంచి అరవై కేజీల తోపన్నమాట. పాత కారు డ్రమ్ము పెట్టి ఆ లెక్క ఎవరు కుదురుస్తారు? పైగా కారు డ్రమ్ముకి ఆటో రివర్స్, అంటే వెనక్కి నెట్టేటప్పుడు బ్రేకు దానంతటదే వదిలే ఏర్పాటు, ఉండదు. బోటుని నీళ్లలోకి దించే ర్యాంపు మీద నువ్వు వెనక్కి నెట్టగానే అది కూడా తోపే అనుకుని బ్రేకు పట్టేస్తుంది. ఇంగ్లండులో 1989 ఏప్రిల్ నుంచి తయారైన ట్రెయిలర్లకి ఆటో రివర్స్ తప్పనిసరి.

కాగితాలపులి:
మన చట్టం మాట కూడా వినండి. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రెయిలర్ కూడా ఒక వాహనమే, 39వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. వాహనాల వర్గీకరణ చెప్పే ఏఐఎస్-053లో 0.75 టన్ను దాకా టి1, అది దాటి 3.5 టన్నుల దాకా టి2. బ్రేకుల నిబంధనలు సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 96లో ఉన్నాయి. ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా సొంతంగా మార్పులు చేస్తే 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అందుకని ముందు ఆర్సీలో ఎంత బరువు రాసి ఉందో చూసుకోండి, అది మీ పేరు మీదికి మార్పించుకోండి, బిగించకముందే ఆ యాక్సిల్ వివరాలు పట్టుకుని ఆర్టీఓలో రాతపూర్వకంగా అడగండి. రోడ్డుపక్క వెల్డింగు షాపులో కొత్త ట్రెయిలర్ చేయించేద్దాం అని మాత్రం అనుకోకండి. తయారీదారు ఇచ్చే ఫారం 22 లేకపోతే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతుంది.

పులికాట్‌ఆదివారం:
కాటా చీటీ వచ్చింది. 1,240 కేజీలు! ఆర్సీలో 1,500 ఉంది, బతికిపోయాను. కానీ ఇన్నాళ్లూ ఇంత బరువు ఉత్త కారు బ్రేకుతో ఆపానా అని తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. ఓవర్‌రన్‌కే ఫిక్స్ అయ్యాను. కొనేటప్పుడు, బిగించేటప్పుడు ఏం చూడాలి?

షెడ్డుపాతకాపు:
అంబత్తూరులో ఇరవై ఏళ్లు ట్రెయిలర్ల పనే చేశాను తమ్ముడూ, చెబుతా విను. కప్లింగ్ మీద ప్లేటు ఉంటుంది, దాని మీద ఇంత నుంచి ఇంత అని రెండు బరువులు రాసి ఉంటాయి. నీ 1,500 ఆ రెండింటి మధ్య పడాలి. పెద్దది కొంటే ఇంకా సేఫ్ అనుకునేవాళ్లున్నారు, అది తప్పు. మరీ పెద్దదైతే నీ బరువుకి దాని డ్యాంపర్ కదలనే కదలదు. యాక్సిల్ మీదా ప్లేటు ఉంటుంది, ఆ రెండూ జోడీ అని అమ్మేవాడి చేత కాగితం మీద రాయించుకో. కేబుళ్లు స్టెయిన్‌లెస్ దొరికితే అవే తీసుకో, డ్రమ్ము లోపల మంచినీళ్లతో కడగడానికి పైపు తగిలించే కిట్టు ఉంటుంది, అది కూడా.

బిగించడంలో వరస ముఖ్యం. చక్రాలు రెండూ జాకీ మీద లేపు, ట్రెయిలర్ హ్యాండ్ బ్రేకు దించు, రాడ్డు లూజు చెయ్యి. మొదట చక్రం దగ్గర షూ సర్దాలి. చక్రాన్ని ముందుకే తిప్పుతూ బిగించు, వెనక్కి తిప్పితే ఆటో రివర్స్ పని చేసి లెక్క తప్పుతుంది. చక్రం బిగుసుకున్నాక మెల్లిగా వదులు చెయ్, చేత్తో తిప్పితే ఆడాలి. రెండు చక్రాలూ అయ్యాక కేబుళ్లు, అన్నిటికన్నా చివర రాడ్డు. రాడ్డులో ఆట పోవాలి, అంతే, లాగి పట్టినట్టు ఉండకూడదు. హ్యాండ్ బ్రేకు వేస్తే కేబుళ్లు తగిలించిన అడ్డపట్టీ సమంగా ఉందో లేదో చూడు. అది ఒక పక్కకి వాలితే ఒక చక్రమే ఆగుతోందని అర్థం.

బ్రేక్‌అవే తాడు మరవకు. కప్లింగ్ కూర్చునే కారు వెనకాల గుండు, అదే టో బాల్, దాని మెడలో ఊరికే వెయ్యకు, కారుకి గట్టి కొక్కెం చూసి తగిలించు. కప్లింగ్ ఊడిపోతే ఆ తాడే హ్యాండ్ బ్రేకు లాగి, ఆ తర్వాత తెగిపోవాలి.

పులికాట్‌ఆదివారం:
రెండు వారాలయింది. ఆర్టీఓలో అడిగాను, యాక్సిల్ కాగితాలు చూసి సరేనన్నారు, బిగించాక ఇన్‌స్పెక్షన్ కూడా అయ్యింది. బిగించింది ఇంకో షాపులో. మొన్న పొన్నేరి మీదుగా వెళ్లాం, కారు ఇప్పుడు గెంటడం లేదు, ఆ సుఖమే వేరు. కానీ పులికాట్ చేరి చక్రం మధ్యలోని హబ్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది, రెండు పక్కలా అంతే. ర్యాంపు మీద వెనక్కి తోస్తే మొండికేసింది, నలుగురం పట్టి దించాం. దించగానే డ్రమ్ము సుయ్యిమంది.

షెడ్డుపాతకాపు:
ఆ షాపులో కుర్రాడు చక్రం దగ్గర వంగడానికి బద్ధకించి లూజంతా రాడ్డు దగ్గరే లాగేశాడు, రాసిస్తాను. అలా చేస్తే షూలు ఎప్పుడూ కొంచెం రాసుకుంటూనే ఉంటాయి, రివర్స్‌లో వదలవు కూడా. రాడ్డు విప్పి మొదట్నుంచి చెయ్యి. ఇంకోటి, వేడి హబ్‌ని నీళ్లలో ముంచావు కదా, లోపల గాలి ఒక్కసారిగా చల్లబడి ఉప్పునీళ్లు బేరింగులోకి పీల్చుకుని ఉంటుంది, గ్రీజు చూడు. తెల్లగా మజ్జిగలా ఉంటే మార్చెయ్. ఇకనుంచి ర్యాంపు దగ్గర అరగంట ఆగి, ఆ లోపు లైట్లు విప్పుకుంటూ ఉండు.

లంగరు:
ఇంటికొచ్చి కడిగాక హ్యాండ్ బ్రేకు వేసి పెట్టకు, షూ డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంటుంది. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టు. ర్యాంపు మీద మాత్రం హ్యాండ్ బ్రేకు లీవర్ పూర్తిగా నిటారుగా లాగు. ఆటో రివర్స్ ఉన్నవి వెనక్కి కొంచెం దొర్లాకే పట్టుకుంటాయి, ఆ మూరెడు దూరంలో ఎవరి కాలూ లేకుండా చూసుకో.

పులికాట్‌ఆదివారం:
షెడ్డు అన్నా, అచ్చం మీరన్నట్టే. రాడ్డు వీణ తీగలా ఉంది, చక్రం దగ్గర ఎవరూ పానా కూడా పెట్టలేదు. కుడి బేరింగులో గ్రీజు మజ్జిగే, మార్చాను. నిన్న ముట్టుకాడు దాకా ఖాళీగా తిప్పి చూశాను, హబ్ మీద చెయ్యి ఆన్చి ఉంచగలిగాను. వచ్చే ఆదివారం మా ఆవిడ కూడా వస్తానంది, కాకపోతే బోటులోకి కాదట, ఒడ్డున కూర్చుంటుందట.